బోర్డు లేని షెడ్డు, పదకొండేళ్లు పడుకున్న మోటారు

పడవ మోటార్లు బాగుచేసే ఒక షెడ్డు గురించి ఇది. రేటింగ్ చూసి వెళ్లిపోయేవాళ్ల కోసం ముందే చెప్పేస్తా. పనికి అయిదుకి అయిదు, చెప్పిన టైముకి ఇవ్వడంలో అయిదుకి రెండు, కూర్చోడానికి ఇచ్చిన స్టూలుకి సున్నా. కలిపి నాలుగు స్టార్లు అనుకోండి. లెక్క సరిపోలేదంటారా, నా ఇష్టం.

షెడ్డు ఎక్కడంటే, నెల్లూరు జిల్లాలో బిట్రగుంట నుంచి జువ్వలదిన్నె హార్బరు వైపు పోయే దారిలో ఉంటుంది. రేకుల షెడ్డు, బోర్డు లేదు, మ్యాపులో వెతికినా రాదు. ముందున్న తాటిచెట్టుకి రెండు విరిగిన పడవ ఫ్యాన్లు మేకులతో కొట్టి ఉంటాయి, అదే గుర్తు. మేస్త్రి పేరు రాయడం లేదు, ఆయనే వద్దన్నాడు. "ఉన్న పనే తెమలడం లేదమ్మా, నువ్వు ఫోన్లో రాసి ఇంకో పదిమందిని నా మీదకి తోలబాక" అన్నాడు. అయినా రాస్తున్నా. ఎందుకంటే మా మోటారు పట్టుకుని మేం తిరిగిన తిరుగుడు ఇంకో ఇంటివాళ్లు తిరగకూడదు.

మోటారు సంగతి. యమహా 8 హార్స్ పవర్, టూ స్ట్రోక్, చిన్నవి రెండు సిలిండర్లు, రెండూ కలిపి 165 సీసీ. మాది ఇస్కపల్లి దగ్గర పాలెం. సునామీ వచ్చిన మరుసటి ఏడు, అంటే 2005లో, సాయం కింద ఊరూరా ఫైబర్ పడవలు ఇస్తున్న రోజుల్లో మా నాయన దీన్ని పక్క పాలెం ఆయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే దాన్ని కిరోసిన్‌కి మార్చి ఉన్నారు. స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు, వేడెక్కాక ట్యాపు తిప్పి కిరోసిన్, ఒడ్డుకొచ్చే ముందు మళ్లీ పెట్రోలు. చిన్నప్పుడు మా ఇంటి వాసనే కిరోసిన్ వాసన. 2014లో అన్న పొడవాటి ఫ్యాను కాడతో వచ్చే డీజిల్ ఇంజను తీసుకున్నాక ఇది గొడ్లచావిట్లోకి వెళ్లింది. తాడు కట్టి దూలానికి వేలాడదీశారు, పైన ఎరువుల సంచి కప్పారు. అంతే. రేషను కిరోసిన్ కూడా పోయింది, దాన్ని దించాల్సిన పని ఎవరికీ పడలేదు.

పోయిన సంక్రాంతికి అందరం ఇంట్లో ఉన్నప్పుడు పాత ఇనుము కొనేవాడొచ్చి దాన్ని చూసి రెండున్నర వేలు ఇస్తానన్నాడు. అన్న సరే అనబోయాడు. నాయన ఏమీ అనలేదు, లేచి వెళ్లి చావిడి తలుపు దగ్గర నిలబడ్డాడు. మోకాళ్ల నొప్పులతో నాయన వేటకెళ్లడం మానేసి మూడేళ్లయింది. చిన్న ఫైబర్ తెప్పొకటుంది, ఉప్పుటేట్లో గెడ వేసుకుంటూ పీతల వలలు పెట్టుకుంటాడు. పోటు మీదున్నప్పుడు గెడతో ఎదురు రావడం డెబ్బై ఏళ్ల మనిషికి అయ్యే పని కాదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అదే ముందు నోరు విప్పింది: "మనమే బాగుచేద్దాం, నాకు సైన్స్ ప్రాజెక్టు కూడా అయిపోద్ది". సైన్స్ ప్రాజెక్టు అవలేదు, బడి తెరిచే టైముకి మోటారు ఇంకా ముక్కలుగానే ఉంది. అది వేరే కథ.

ముందు ఒక టౌన్లో పెద్ద షాపుకి తీసుకెళ్లాం. పేరు ఎందుకులెండి. ఏసీ, గాజు తలుపు, కంప్యూటర్ బిల్లు. కౌంటర్లో అబ్బాయి మోటారు మూత కూడా తీయకుండా కాయిల్ పోయుంటుంది, కార్బరేటర్ కొత్తది వేయాలి, గేర్ బాక్సు కిట్టు మొత్తం మార్చాలి అని 38 వేలకి కొటేషన్ రాసిచ్చాడు. "దీనికంత పెట్టేబదులు కొత్తది చూసుకోండి మేడమ్" అని బ్రోచర్ కూడా చేతిలో పెట్టాడు. ఆ కాగితం దాచుకున్నా, ఎందుకో కింద చెప్తా.

షెడ్డు మేస్త్రి పద్ధతి వేరు. మోటారుని ఆటోలోంచి దించి చెక్క స్టాండుకి తగిలించాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరిసారి ఆపింది ఎవరు?" నాయన నేనే అన్నాడు. "ఎట్టా ఆపావు?" "ట్యాపు కట్టేసి, దానంతటదే ఆగిందాకా ఉండాను." మేస్త్రి నాయన మొహం వంక ఒకసారి చూసి, కార్బరేటర్ కింది గిన్నె నాలుగు స్క్రూలు విప్పాడు. నేను ఫోన్లో చూసిన వీడియోలన్నిట్లో, ఏళ్లతరబడి నిలవున్న మోటార్ల గిన్నెలో పెట్రోలు ఎండి తేనె రంగు జిగురు పేరుకుని ఉంటుంది. మాది పొడిగా ఉంది. అడుగున కొంచెం తెల్ల ధూళి, ఒక చచ్చిన చీమ. పదకొండేళ్ల తర్వాత! కొత్త కార్బరేటర్ వేయాలన్న కొటేషన్లో ఒక లైను అక్కడే కొట్టుకుపోయింది. నాయన పైకి ఏమీ అనలేదు గానీ ఆ రోజంతా షెడ్డులోకి ఎవరొచ్చినా ఆ గిన్నె తీసి చూపిస్తూనే ఉన్నాడు.

ఈ షెడ్డుకి వెళ్లాలనుకుంటే మీరు తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇది. వదిలేసి పోతే మీ మోటారుని వరసలో పెడతాడు, ఆ వరస ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. మీరు కూర్చుని చేయి కలిపితే మీ దాని మీదే ఉంటాడు. మేం మొదటిసారి వెళ్లింది ఏప్రిల్ నెలాఖరులో. అదే మేం చేసిన తప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, కాబట్టి అందరి ఇంజన్లూ అప్పుడే షెడ్డుకొస్తాయి. కడుపుకూటి కోసం నడిచే ఇంజన్ల మధ్య మా సరదా మోటారుకి ఆయన టైమిచ్చాడంటేనే గొప్ప. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. కావలిలో నాది జిరాక్స్ షాపు, ఆదివారం తప్ప మూయలేను. ఆదివారం ఎండలో పిల్లల్నేసుకుని అంత దూరమొస్తే ఆయన ఇంకొకరి డీజిల్ ఇంజను కింద పడుకుని "మధ్యాహ్నం చూద్దామమ్మా" అనేవాడు. అలా మూడు ఆదివారాలు పోయాయి. వేట మొదలయ్యాక వెళ్లండి, జులై, ఆగస్టులో షెడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది.

పని మొదలెట్టాక మాత్రం ఆయన చేతుల్లోని ఓపిక చూడాలి. మొదట తాడు లాగనివ్వలేదు. ప్లగ్గులు రెండూ విప్పి, ఆ బొక్కల్లో తలా ఒక చెంచా ఆయిల్ పోసి వారం ఉంచమన్నాడు. తర్వాత పైన ఫ్లైవీల్‌ని చేత్తో అటొక పావు ఇటొక పావు తిప్పుతూ, "పట్టుకోలేదు, బతికుంది" అన్నాడు. ఆ మాటకి మా అమ్మ దణ్ణం పెట్టుకుంది, ఆస్పత్రిలో డాక్టరు చెప్పినట్టు. తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టి రెండు సిలిండర్లూ చూశాడు. రెండిట్లోనూ ఒత్తిడి తక్కువే, కానీ ఒకదానికొకటి దగ్గరగా ఉంది. రెండూ సమానంగా ఉండటమే ముఖ్యమట, ఒకటి బాగా ఎక్కువై ఒకటి తక్కువైతేనే రింగులు పోయాయనో గ్యాస్కెట్ పోయిందనో అనుమానించాలి. తక్కువెందుకున్నాయో హెడ్డు విప్పాక తెలిసింది. కిరోసిన్‌కి మార్చినప్పుడు ఎవరో గ్యాస్కెట్ మీద గ్యాస్కెట్ వేసి ఒత్తిడి తగ్గించారు, కిరోసిన్‌కి అదే కావాలి. పెట్రోలుకి ఒకటి చాలని రెండోది తీసేశాడు. పిస్టన్ నెత్తిన కిరోసిన్ మసి బొగ్గులా అట్టకట్టి ఉంది. దాన్ని గీకడానికి మా అన్న కొడుకు స్క్రూ డ్రైవర్ అందుకోగానే మేస్త్రి దాన్ని లాక్కుని చేతికి వెదురు పుల్ల ఇచ్చాడు. పిస్టన్ అల్యూమినియం, ఇనుముతో గీకితే గీత పడుతుంది, ఆ గీతలో మళ్లీ మసి పట్టుకుంటుంది. వాడు పాలిటెక్నిక్ మెకానికల్ రెండో ఏడు. రెండు గంటలు వెదురు పుల్లతో గీకాడు. కాలేజీలో ఇది చెప్పలేదని వాడి బాధ.

బోల్టుల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ఉప్పు నీళ్లలో తిరిగిన మోటారులో స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ కలిసిన చోట అల్యూమినియం తెల్లపిండిలా పొంగి బోల్టుని పట్టేస్తుంది. బలం పెడితే తల తెగి చేతికొస్తుంది. మేస్త్రి నేర్పిన కిటుకు, ముందు విప్పడానికి చూడకూడదు, వెంట్రుకవాసి బిగించాలి. టిక్కుమని శబ్దం వస్తే ఆ పట్టు వదిలినట్టు, అప్పుడు వెనక్కి తిప్పాలి. రాకపోతే గ్యాస్ మంట చూపించాలి, బోల్టుకి కాదు, చుట్టూ ఉన్న బాడీకి. నూనె చుక్కేసి సుత్తితో చిన్నగా తట్టాలి, మళ్లీ ప్రయత్నించాలి. ఒక్కో బోల్టుకి అరగంట. గేర్ బాక్సుని పట్టుకునే బోల్టుల్లో మూడు అలా వచ్చాయి. నాలుగోది మా ఆయన పట్టుకున్నాడు. "ఇదేం కష్టం" అని పానాకి పైపు తొడిగి ఒక్క గుంజు గుంజాడు, తల ఎగిరి రేకుకి తగిలింది. షెడ్డంతా నిశ్శబ్దం. మేస్త్రి తిట్టలేదు. "దీనికి డ్రిల్ కొట్టి కొత్త మర తీయాలి, లేతు దగ్గరకి పోవాలి, ఆరొందలు" అన్నాడు. ఆ ఆరొందలు మా ఆయన ఖర్చు కింద ఇంట్లో విడిగా రాసుకున్నాం. ఇప్పటికీ అందరికీ గుర్తే.

గేర్ బాక్సు కింద మర తీయగానే కారిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు కలిశాయన్నమాట. కొటేషన్ రాసిన అబ్బాయి చెప్పినట్టే గేర్ బాక్సు పోయిందేమోనని నాకు టెన్షన్. మేస్త్రి ఫ్యాను వెనక కాటర్ పిన్ తీసి, నట్టు విప్పి, ఫ్యాను లాగి చూపించాడు. షాఫ్టు చుట్టూ నైలాన్ దారం, ఆకుపచ్చ వల దారం, గట్టిగా చుట్టుకుని సీలులోకి కోసుకుపోయి ఉంది. ఫ్యాను తిరుగుతున్నప్పుడు వల ముక్క తగిలితే లోపలికి చుట్టుకుంటుంది, కత్తిలా సీలు రబ్బరుని కోస్తుంది, అక్కణ్ణించి నీళ్లు. నాయన ఆ దారం చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, "ఇది మన వల కాదు, మన కన్ను ఇంత చిన్నది కాదు" అన్నాడు. ఎవరి వల పదకొండేళ్లు మా చావిట్లో వేలాడిందో మరి.

గేర్లు లోపల బాగానే ఉన్నాయి. పళ్లు చితకలేదు, తుప్పు పైపైనే. సీళ్లు రెండు మార్చాడు, అంతే. మార్చాక సైకిల్ పంపుకి ఒక గొట్టం, చిన్న మీటరు తగిలించి ఆయిల్ పోసే రంధ్రంలోంచి గాలి కొట్టి, గేర్ బాక్సుని నీళ్ల బకెట్లో ముంచి బుడగలొస్తాయేమో చూడమని మా అమ్మాయిని కూర్చోబెట్టాడు. పది నిమిషాలు అది కన్నార్పకుండా చూసింది. ట్యూబు పంక్చరు చూసినట్టే, కొత్తేముంది అనిపిస్తుంది గానీ, ఈ ఒక్క పరీక్ష చేయకుండా బిగిస్తే ఉప్పునీళ్లు మళ్లీ లోపలికెళ్లాయో లేదో మీకు గేర్లు అరిగిపోయాకే తెలుస్తుంది. కొత్త గేర్ ఆయిల్‌ని కింది రంధ్రంలోంచి ఎక్కించాడు, పై రంధ్రంలోంచి ఆయిల్ కారేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కుని నిండినట్టు కనిపిస్తుంది, నిండదు.

ఇప్పుడు నా సొంత తెలివితక్కువతనం. నీళ్లు పైకి తోడి ఇంజన్ని చల్లబరిచే పంపులో ఒక రబ్బరు చక్రం ఉంటుంది, చుట్టూ రెక్కలతో. ఇంపెల్లర్ అంటారు, మేస్త్రి రబ్బరు పువ్వు అంటాడు. మాది తీస్తే రెక్కలన్నీ ఒకే వైపు వంగి, పగుళ్లతో, నూనెలో ఎక్కువసేపు ఉంచిన అప్పడంలా ఉంది. పదకొండేళ్లు ఒకే భంగిమలో ఉంటే రబ్బరుకి మళ్లీ సాగే గుణం పోతుంది. మేస్త్రి చెన్నై నుంచి ఒరిజినల్ తెప్పిస్తానన్నాడు, పది రోజులు పడుతుందన్నాడు. నేను తెలివిగా ఆన్‌లైన్‌లో సగం ధరకి ఆర్డర్ పెట్టా. మూడు రోజుల్లో వచ్చింది, పెట్టె మీద హాలోగ్రామ్ కూడా ఉంది. మేస్త్రి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, ఒక రెక్కని బొటనవేలితో వంచి వదిలాడు. అది నెమ్మదిగా, బద్ధకంగా వెనక్కి వచ్చింది. పాత ఒరిజినల్‌దే ఎక్కడో కొంచెం బాగున్న ముక్కని వంచి వదిలితే టక్కున నిలబడింది. షాఫ్టుకి తొడిగి చూస్తే చక్రాన్ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క గాడిలో లూజుగా ఆడింది. "ఇది వేస్తే ఏటి మధ్యలో నీకే తెలుస్తుంది" అన్నాడు. రిటర్న్ పెడితే ఆ అమ్మినవాడు వాడిన వస్తువు వెనక్కి తీసుకోను అన్నాడు. డబ్బులు పోయాయి. ఆ ఇంపెల్లర్ ఇప్పుడు మా అమ్మాయి పెన్నుల స్టాండు.

పాత దాంట్లో ఇంకో తంటా. ఆరు రెక్కల్లో అయిదే ఉన్నాయి. నేనైతే పోనీలే అనేదాన్ని. మేస్త్రి పని ఆపేశాడు. ఆ ముక్క గాలిలో కలిసిపోలేదు, నీళ్ల దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, కొత్త పంపు వేసినా అది అడ్డుపడితే పై సిలిండర్ కాలిపోతుంది, కాబట్టి దొరికేదాకా బిగించేది లేదన్నాడు. నీళ్లు పైకి పోయే గొట్టం తీసి ఊదాం, లేదు. పంపు గూడు కడిగాం, లేదు. చివరికి మా అమ్మాయి సన్న ఇనుప తీగని కొసన వంకీ చేసి, ఇంజను అడుగున నీళ్లు ఎక్కే సందులోకి పోనిచ్చి, నాలుక బయటపెట్టి, ఒక చేత్తో ఫోన్ టార్చి పట్టుకుని కెలకడం మొదలెట్టింది. పావుగంటకి నల్లగా, గోరంత ముక్క తీగకి గుచ్చుకుని బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని పాత చక్రం పక్కన పెట్టి విరిగిన అంచుకి అంచు కలిపి చూశాడు. సరిగ్గా కుదిరింది. "ఇప్పుడు బిగించు" అని పానా దానికే ఇచ్చాడు.

కరెంటు పని కూడా ఇలాగే తేలింది. దీనికి బ్యాటరీ లేదు, ఫ్లైవీల్ అయస్కాంతం తిరిగితే కాయిల్లో కరెంటు పుట్టి ప్లగ్గుకి పోతుంది. పై సిలిండర్‌కి స్పార్కు వస్తోంది, కింది దానికి రావడం లేదు. రెండిటికీ కాయిల్ ఒకటే అయితే ఒకదానికి ఎలా వస్తుంది అని మేస్త్రి మా వాణ్ణి అడిగాడు. వాడు తల గోక్కున్నాడు. ప్లగ్గు క్యాపులో ఉప్పు పట్టి పచ్చగా చిలుము ఉంది, ఎర్త్ వైరు బాడీకి తగిలే చోట తెల్లపిండి. క్యాపు కొత్తది, ఎర్త్ కింద ఎమరీ పేపరుతో రుద్దుడు, అయిపోయింది. కాయిల్ కొననే లేదు. కొటేషన్లో రెండో లైను కూడా పోయింది.

మా మొత్తం ఖర్చు, మా ఆయన ఆరొందలు, నా నకిలీ ఇంపెల్లర్ కూడా కలుపుకుని, 11,400. ఇందులో మేస్త్రి కూలి నాలుగు వేలు. మిగతావి సీళ్లు, గ్యాస్కెట్, ఒరిజినల్ ఇంపెల్లర్, ప్లగ్గులు, పెట్రోలు గొట్టం, ఆయిళ్లు, ఆటో. పాత పెట్రోలు గొట్టం పట్టుకుంటే చేతికి జిగటగా అంటుకుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి మెత్తబడిపోతుంది, పైగా ఇథనాల్ తేమ పీలుస్తుంది. కాబట్టి ఎంత కావాలో అంతే కొనుక్కోవాలి, మిగిలింది క్యానులో నెలల తరబడి దాచొద్దు, బైకులో పోసుకోవడం కూడా కుదరదు, ఎందుకంటే ఆయిల్ కలిపింది.

ఆయిల్ విషయంలో కూడా మేస్త్రి కచ్చితం. నాయన పాత అలవాటు ప్రకారం ఏ బైకు టూటీ ఆయిలైనా పోసేవాడు. గాలికి చల్లబడే బైకు ఇంజను బాగా వేడెక్కుతుంది, దాని ఆయిల్ ఆ వేడికి తగ్గట్టు చేసింది. నీళ్లతో చల్లబడే పడవ మోటారు అంత వేడెక్కదు, అందులో బైకు ఆయిల్ సరిగా కాలక మసి కడుతుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నది కొనమన్నాడు. మామూలుగా లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, కొత్తగా విప్పి బిగించాం కాబట్టి మొదటి పది గంటలు 40. మా అమ్మ దగ్గు సిరప్ మూతతో కొలుస్తుంది.

రంగు దగ్గర ఇంట్లో గొడవైంది. అన్నకి కొత్త దాన్లా మెరవాలి. మేస్త్రి వద్దన్నాడు, రంగుకి పెట్టే డబ్బుతో ఇంకో ప్లగ్గు జత కొనుక్కుని పడవలో ఉంచుకో అన్నాడు. పిల్లలు వినలేదు, నీలం స్ప్రే డబ్బా తెచ్చి మూతా కాడా అన్నీ కొట్టేశారు. ఉత్సాహంలో కింద గేర్ బాక్సు మీదుండే జింకు ముక్కకి కూడా కొట్టారు. ఆ జింకు ఉన్నదే తాను తుప్పు పట్టి మిగతా లోహాన్ని కాపాడటానికి, దాని మీద రంగేస్తే అది పనిచేయదు. మేస్త్రి ఒక్క మాటా మాట్లాడకుండా హాక్సా బ్లేడు ముక్కతో దాన్ని తెల్లగా వచ్చేదాకా గీకేశాడు. అందుకే మా మోటారు అంతా నీలంగా ఉండి కింద ఒక్కచోట బొల్లి మచ్చలా ఉంటుంది.

ఆగస్టు రెండో ఆదివారం డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేశాం. ఫ్యాను పైన ఉండే అడ్డ పలక మునిగేదాకా నీళ్లు. నీళ్లు లేకుండా తాడు లాగితే కొత్త రబ్బరు పువ్వు క్షణాల్లో కాలిపోతుంది, ఇంట్లో సరదాకి కూడా లాగొద్దు అని పిల్లలకి పదిసార్లు చెప్పాడు. తాడు నాయన చేతికే ఇచ్చాడు. మూడు లాగుళ్లు, ఏమీ లేదు. నాలుగోదానికి ఒక దగ్గు. ఆరోదానికి అందుకుంది. సిలిండర్లలో పోసిన ఆయిలంతా తెల్లపొగై షెడ్డు నిండిపోయింది, పక్క టీకొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. మేం అందరం పొగలో దగ్గుతూ అరుస్తూ ఉంటే మేస్త్రి ఇంజను వంక చూడటం లేదు, పక్కనుండే చిన్న రంధ్రం వంకే చూస్తున్నాడు. కొంచెంసేపటికి అందులోంచి పెన్సిలంత నీళ్ల ధార బయటికి కొట్టింది. వేలు పెట్టి చూశాడు, గోరువెచ్చగా ఉంది. అప్పుడు నవ్వాడు. ఆ ధార ఆగిందంటే ఇంజను ఆపేయాల్సిందే, ఎంత అవసరమున్నా.

మొత్తం మీద నాకు నచ్చనివి కూడా రాయాలి కదా. బిల్లు ఇవ్వడు, సిగరెట్ పెట్టె వెనక లెక్క రాసిస్తాడు. ఫోన్ పది సార్లు చేస్తే ఒకసారి ఎత్తుతాడు. ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు, టీకొట్టు వాళ్లింటికి వెళ్లాలి, వాళ్లు మంచివాళ్లు. "రేపు" అంటే రేపు కాదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తాడు, నాలుగు దాకా రాడు. గంటల లెక్కన చూస్తే మా కుటుంబం మొత్తం దీని మీద పెట్టిన ఆదివారాలు పద్నాలుగు. పని త్వరగా అయిపోవాలి, మాకు తీరిక లేదు అనుకునేవాళ్లు దయచేసి అటు వెళ్లకండి, మీ బీపీ పెరుగుతుంది, ఆయనకీ చిరాకు.

పోయిన వారం ఉప్పుటేట్లో దించాం. ఉప్పులో తిరిగొచ్చాక ప్రతిసారీ మంచినీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు నడపాలన్న షరతు మా అమ్మది, నీళ్లు మోసేది మేం. లైఫ్ జాకెట్ వేసుకోనని నాయన మొండికేశాడు, తాత వేసుకుంటేనే నేనెక్కుతానని మనవరాలు బేరం పెట్టింది, వేసుకున్నాడు. మణికట్టుకి కట్టుకునే ఎర్ర తాడు కూడా మేస్త్రి కొత్తగా పెట్టిచ్చాడు, మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. అదీ కట్టుకున్నాడు, వాచీ లాగా ఉందని వెక్కిరిస్తూ. ఫుల్ స్పీడులో బాణంలా పోయింది. పోటుకి ఎదురు కూడా. కానీ వలల దగ్గర నెమ్మది చేస్తే చాలు, రెండుసార్లు గుర్రుమని ఆగిపోతోంది. అక్కడి నుంచే మేస్త్రికి ఫోన్ చేశా. అదృష్టం, ఎత్తాడు. మోటారు దగ్గర ఫోన్ పెట్టమన్నాడు, విన్నాడు, చోక్ సగం లాగమన్నాడు. లాగగానే కుదుటపడింది. "పెట్రోలు చాలడం లేదు దానికి, స్లో జెట్టులో, అదే నెమ్మదిగా నడిచేప్పుడు పెట్రోలు వచ్చే సన్న బొక్కలో, నలక ఉంది, చిన్న పని. ఆదివారం తీసుకురా" అన్నాడు.

ఏ ఆదివారమో చెప్పలేదు.